సీటూ సెట్టూ

పళ్ళ ల్యాబులో మోటారు తిరుగుతుండగా ఫోను ఎత్తకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. ఎత్తినవాళ్ళందరూ తలా ఒక తలనొప్పి తెచ్చుకోగా తనంతట తానుగా పుట్టిన రూలు. ఆ ఉదయం పళ్ళాయన ఎత్తాడు.

"తమ్ముడూ, సీటు ఖాళీ అయింది," అన్నాడు అవతల్నుంచి తోడల్లుడు.

"సెట్టు కావాలా అన్నయ్యా? పైదా, కిందిదా?"

"కిందే. మెట్లెక్కే పనే లేదు."

"పాతదేమైంది, కదిలిందా?"

"కదిలాడు, మొన్న శుక్రవారమే. టీ పార్టీ ఇచ్చి పంపించాం."

"టీ పార్టీలో ఊడిందా? వేడివేడిగా తాగేసి ఉంటాడు. సరే, చిగుళ్ళెలా ఉన్నాయి?"

"చిగుళ్ళేమిటి? చెక్క గట్టిదే. పైన మెత్త కూడా వేశారు. నువ్వొచ్చి కూర్చోవడమే ఆలస్యం."

"కొలత తియ్యకుండా ఎలా కూర్చుంటుంది అన్నయ్యా? వదులుగా కూర్చుంటే మాట్లాడుతూ ఉండగానే కిందపడుతుంది."

 తోడల్లుడు నొచ్చుకున్న గొంతుతో, "పదహారేళ్ళుగా కూర్చుంటున్నాను. ఇంతవరకూ పడలేదు," అన్నాడు.

అంతలో ల్యాబు ఓనరు వచ్చి మోటారు ఆపాడు. చప్పుడు ఆగేసరికి సెట్టు కాస్తా సీటైంది. ఎదురుగా ఉన్న పన్నుల ఆఫీసులో, ఎంక్వైరీ కిటికీ దగ్గర, తోడల్లుడి పక్క కుర్చీ ఖాళీ అయింది. గురువారం ఇంటర్వ్యూ. నలభై ఐదు దాటినవాళ్ళని తీసుకోరు. పళ్ళాయనకి నలభై ఐదు నిండడానికి సుమారు నలభై రోజులుంది. చేతిలో ఉన్న పళ్ళని బల్లమీద పెట్టి ఆయన కూడా కూర్చున్నాడు.

పళ్ళాయన అంటే జామపళ్ళు, అరటిపళ్ళు అమ్మే మనిషనుకోవద్దు. కొత్తవాళ్ళంతా అలాగే అనుకుని "డజనెంత?" అని అడుగుతారు. "మావి డజన్లలో రావు, పద్నాలుగేసి వస్తాయి" అంటాడాయన. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆయన వృత్తి. ఎదుటి ఆఫీసులో తోడల్లుడు జనంచేత పన్నులు కట్టిస్తాడు, ఇటు మేడమీద ఈయన జనానికి పన్నులు కడతాడు. ఇద్దరిదీ ఒకటే శాఖ అని అత్తగారింట్లో హాస్యం. ఆ హాస్యానికి నవ్వకుండా ఉండేది పళ్ళాయన ఒక్కడే.

ఆయన బాధ వేరు. ఇరవై మూడేళ్ళుగా పళ్ళు చేస్తున్నాడు గానీ, తాను చేసిన పన్ను ఒక్కటైనా ఒక ముద్ద నమలడం కళ్ళారా చూడలేదు. ఆస్పత్రినుంచి రోగి నోటి అచ్చుగా ప్లాస్టరు దవడ వస్తుంది, దాంతోపాటు చీటీ వస్తుంది. ఈయన మైనం పెట్టి, పళ్ళు పేర్చి, గులాబీరంగు చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. మెచ్చుకోలు డాక్టరుకి, ముద్ద నోటికి, పొడి ఈయన ముక్కుకి. బాగుందన్న కబురు ఎప్పుడూ రాదు. బాగాలేకపోతే మాత్రం చీటీ వస్తుంది: "స ఈల వేస్తోంది", "త, ద పలకడం లేదు", "కుడిపక్క గుచ్చుకుంటోంది".

అందుకని ఆయన కళ్ళన్నీ పక్కవాళ్ళ కుర్చీలమీదే. పరుపుల కొట్లో పరుపు మెత్తదనం చూపించడానికి పడుకుని లేచే మనిషిని చూసి మూడు రోజులు నిట్టూర్చాడు. పెద్ద భవనంలో లిఫ్టు నడిపే మనిషిని చూసి, "వాడు రోజుకి నలభైసార్లు పైకొస్తాడు. మనం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా పైకి రాలేకపోయాం," అన్నాడు. మ్యూజియంలో కుండలకి కాపలా ఉండే మనిషిని చూసి, "రెండు వేల ఏళ్ళుగా ఎక్కడికీ పోని కుండలు ఇవాళ సాయంత్రం లేచి పోతాయా? దానికో మనిషి, మనిషికో కుర్చీ, కుర్చీకో ఫ్యాను," అన్నాడు.

ఆయన భార్య కుట్టుమిషను మీంచి తలెత్తకుండా, "పక్కవాళ్ళ కుర్చీలు లెక్కపెట్టడం ఒక ఉద్యోగమైతే మీరీపాటికి మేనేజరయ్యేవారు," అంది.

అన్ని కుర్చీల్లోకీ మహారాజు కుర్చీ తోడల్లుడిది. మెరుగుపెట్టే బల్ల దగ్గర నిలబడితే, వీధికి అటుపక్క ఆ ఎంక్వైరీ కిటికీ ఎదురుగా కనిపిస్తుంది. తోడల్లుడు రోజంతా మూడంటే మూడు మాటలు చెబుతాడు. "మూడో గది." "ఫారం నింపారా?" "సారు భోజనానికెళ్ళారు." మాటకీ మాటకీ మధ్య టీ. అయినా జనం ఆయనకి దండం పెట్టి, దారి తెలిసిన మొహాలతో వెళ్తారు. అదీ తృప్తంటే, అనుకునేవాడు పళ్ళాయన. పని చేసినట్టు ఎదుటివాడి మొహంలో తెలియాలి. దూరపు కొండలు నునుపంటారు. వస్తువుల్ని నునుపుచేస్తూ బతికేవాడికి కూడా ఆ సంగతి తెలియకపోవడం విచిత్రమే.

గురువారం ఓనరుకి పంటినొప్పని చెప్పి వీధి దాటాడు. పళ్ళ ల్యాబులో అంతకన్నా నమ్మదగ్గ అబద్ధం లేదు.

పన్నుల ఆఫీసు వసారాలో తోడల్లుడు ఆయన్ని పక్కకి లాగి హితబోధ చేశాడు.

"పెద్దసారు మాటే ఆఖరి మాట. కాకపోతే మూడు వారాలుగా మనిషి మారిపోయాడు. ఇదివరకు ఆయన నవ్వితే గోడమీద క్యాలెండరు చూసుకునేవాళ్ళం, సెలవేమోనని. ఇప్పుడు పొద్దస్తమానం నవ్వుమొహమే. ఆ మొహం చూసి అందరూ ధైర్యంగా లోపలికెళ్ళి సంతకాలు పెట్టించుకుంటున్నారు."

"మంచిదేగా అన్నయ్యా."

"మంచిదే. మాటే ముద్దముద్దగా వస్తోంది. నవ్వుతూ ఏదో అంటాడు, మనకి అర్థంకాదు. నువ్వు మాత్రం 'చిత్తం సార్' అను, బయటికొచ్చెయ్."

లోపలికి వెళ్ళిన ముగ్గురూ మూడు నిమిషాలకొకరు చొప్పున బయటికొచ్చారు. ఒకాయన, "వాళ్ళేమడిగారో తెలిస్తే జవాబు తెలిసేది," అన్నాడు.

పళ్ళాయన వంతొచ్చింది. బల్లకి అవతల ఇద్దరు సభ్యులు, మధ్యలో పెద్దసారు. మనిషి ఆరడుగులు, దవడ మాత్రం చిలకది. ఆయన చిరునవ్వుతో, "ఉహ్యోగం ఎంహుకు మారాలనుకుంటున్నారు?" అన్నారు.

సభ్యులిద్దరూ బల్లకేసి చూశారు. ఇరవై మూడేళ్ళ చీటీలు చదివిన మనిషికి ఇదో లెక్కా? త, థ, ద, ధ, స. అన్నీ 'హ'. పై సెట్టు వదులు.

"ఉద్యోగం ఎందుకు మారాలనుకుంటున్నానంటే, చేసే పని ఎవరికి అందుతోందో కనబడడం లేదండి," అన్నాడు.

"పనిలో హృప్హి లేహా?"

"తృప్తి లేదండి. ఎదుటి మనిషి మొహం చూసే పని కావాలండి."

పెద్దసారు సంతోషించారు. మూడు వారాల్లో ఆయన మాట రెండోసారి అడక్కుండా అర్థంచేసుకున్న మొదటి మనిషి ఇతను. ఆ సంతోషంలో పెదవి ఇంకాస్త పైకి లేచింది. పళ్ళాయనకి పళ్ళు కనిపించాయి.

ముందు రెండు పళ్ళ మధ్య బియ్యపుగింజంత సందు. ఎడమ కోరపన్ను ఒకింత పక్కకి తిరిగి, తలుపు చాటునుంచి చూస్తున్న మనిషిలా ఉంది. కన్నతల్లి వందమంది పిల్లల్లో తన బిడ్డని ఎలా పోల్చుకుంటుందో అలా పోల్చుకున్నాడు. తనవే. తను చేసినవే. కానీ ఈయనకోసం చేసినవి కావు.

అవి ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ పళ్ళు. చీటీతోపాటు ఆవిడ పాత ఫోటో వచ్చింది. "ముందు సందు ఉంచవలెను. అది లేనిదే నన్ను నేను పోల్చుకోలేను" అని ఆవిడ గుండ్రటి చేతిరాతతో రాసింది. కార్డుమీద వరసగా అతికించి వచ్చే రెడీమేడ్ పళ్ళని విడదీసి, ఫోటో చూస్తూ, ఒక్కో పన్నూ మైనంలో తిప్పి తిప్పి నాలుగు రోజులు కూర్చుని చేశాడు. ఇరవై మూడేళ్ళలో పనిలో పడి టీ మర్చిపోయిన నాలుగు రోజులు అవే. ఆ పళ్ళు ఇప్పుడు పన్నుల పెద్దసారు నోట్లో ఉండి 'హ' అంటున్నాయి. పళ్ళ పలక ఆయన పెదవికి మందమైంది కాబట్టి నోరు మూతపడటం లేదు. ఆఫీసంతా చూసి మురిసిపోతున్న నవ్వు అదీ.

"హోమవారం వచ్చి చేరండి," అన్నారు పెద్దసారు.

"సోమవారం. అలాగేనండి," అన్నాడు పళ్ళాయన. 

ల్యాబుకి తిరిగొచ్చి అటకమీంచి ప్లాస్టరు దవడలు రెండూ దించాడు. ఒకటి హెడ్మిస్ట్రెస్‌ది, ఒకటి పెద్దసారుది. ఒకే వారంలో వచ్చినవి, ఇంచుమించు ఒకే కొలత. తేడా అంతా అరమిల్లీమీటర్లలో ఉంది. పళ్ళు తయారయ్యాక ఎండిపోకుండా నీళ్ళడబ్బాల్లో వేస్తారు. డబ్బా తడిగా ఉంటుంది కాబట్టి చీటీ దానికి అంటుకోదు, మూతకి అంటిస్తారు. ఆఖరిసారి గరుకుందేమోనని వేలితో తడిమి చూడటానికి, పళ్ళు పంపించిన ఆ మంగళవారం రెండు మూతలూ ఒకేసారి తీసింది ఎవరో ఆయనకి గుర్తుంది. వేలు పళ్ళమీద ఉంది. కళ్ళే ఇంకెక్కడో ఉన్నాయి. మూతలు అటూ ఇటూ అయ్యాయి.

సాయంత్రం భోజనం దగ్గర భార్యకి అంతా చెప్పాడు.

"అయితే ఏం చేస్తారు?"

"సోమవారం చేరాక మెల్లిగా చెబుదామనుకుంటున్నా."

"చేరాక ఎందుకు చెబుతారు? ఎంక్వైరీలో కూర్చున్నాక అడిగినవాటికే జవాబు."

"ఇప్పుడు చెబితే సీటు పోతుందే. నలభై రోజుల తర్వాత ఎవడిస్తాడు నాకు?"

"ఆయన పళ్ళు ఆయన నోట్లో లేవు. ఆవిడ పళ్ళు ఆవిడ నోట్లో లేవు. మీ మాట మాత్రం మీ నోట్లోనే భద్రంగా దాచుకోండి," అని ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. అది ఆయన సొంత పళ్ళతోనే నమిలాడు గానీ రుచి తెలియలేదు.

మర్నాడు ఆస్పత్రికెళ్ళాడు. డాక్టరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మూడు ఆస్పత్రులు తిరిగే మనిషి; పళ్ళు ఇచ్చే రోజున "పెట్టుకోండి, కొరకండి, వెళ్ళండి" తప్ప నాలుగో మాట అనడు. పెద్దసారూ హెడ్మిస్ట్రెస్సూ ఫోను చేసి మొరపెట్టుకుంటే, కొత్త చెప్పు కరిచినట్టే కొత్త పళ్ళూ కరుస్తాయి, నెలలో అలవాటవుతుందని చెప్పి ఊరుకున్నాడు. సందేదీ అని హెడ్మిస్ట్రెస్ అడిగితే, లోపాన్ని ల్యాబువాళ్ళు సరిదిద్దారు, సంతోషించమన్నాడు.

"దీనికి రభసెందుకు?" అన్నాడు డాక్టరు. "రేపు ఆయన్ని పదింటికి రమ్మంటా, ఆవిణ్ణి పదకొండింటికి. సరిచేస్తానని చెప్పి ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, ఆవిడొచ్చాక రెండూ మార్చేద్దాం. నువ్వూ రా, ఎక్కడైనా గుచ్చుకుంటే అరగదీద్దువుగాని. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

పళ్ళాయనకి ప్రాణం లేచొచ్చింది. పళ్ళు వాళ్ళకి, సీటు తనకి, మాట ఎవరికీ లేకుండా. ఇంతకన్నా మంచి సర్దుబాటు ఇంకేముంటుంది?

శనివారం పదింటికి పెద్దసారు వచ్చారు. తన మాట ఆటో అతనికి అర్థం కాదు కాబట్టి దుబాసీగా తోడల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. ల్యాబు ఓనరు కూడా వచ్చి, పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చున్నాడు. అంతా అనుకున్నట్టే ఉంది. కానీ పదకొండింటికి రమ్మంటే పదింటికే వచ్చే అలవాటు కొందరికి ఉంటుంది, ముఖ్యంగా ముప్ఫయ్యేళ్ళు బడిగంట కొట్టించినవాళ్ళకి.

హెడ్మిస్ట్రెస్ లోపలికొచ్చి, నిండుగా ఉన్న గదిని ఒక తరగతిని చూసినట్టు చూసి, పెద్దసారుకి ఎదురుగా కూర్చుంది. పెద్దసారు మర్యాదకి నవ్వారు. నవ్వకపోయినా అలాగే ఉండేవారు. ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కాస్త ముందుకు వంగింది.

"అవి నా పళ్ళు," అంది.

నిజానికి ఆవిడ అన్నది "అవి నా పల్లు". ఆవిడ నోట్లో ఉన్నవి ఆవిడకి బిగుతు. నాలుక మడతపడక పెద్ద ళ అంతా చిన్న ల అయిపోయింది. కానీ వేలు చూపించిన చోటు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

"ఏమయింహి?" అన్నారు పెద్దసారు.

"ఏమయింది, అంటున్నారు సారు," అన్నాడు తోడల్లుడు, తన ఉద్యోగధర్మంగా.

డాక్టరు పరుగున బయటికొచ్చాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరి నోళ్ళలోంచీ సెట్లు తీయించి కడిగి, పళ్ళాయన చేతికిచ్చాడు. పళ్ళాయన మొదటిసారిగా ప్లాస్టరు కాని దవడ ముందు నిలబడ్డాడు. అది వెచ్చగా ఉంది, ఊపిరి తీస్తోంది.  హెడ్మిస్ట్రెస్ పై సెట్టుని రెండు వేళ్ళతో పట్టి, పైకెత్తి, చిన్నగా నొక్కాడు. అది 'చప్' మని కూర్చుంది. ఆవిడ అద్దం అడిగింది. ఎడంపక్కకీ కుడిపక్కకీ తిప్పి చూసుకుంది. తర్వాత అద్దంలోకి నవ్వింది.

బియ్యపుగింజంత సందు, ఫోటోలో ఎక్కడుందో అక్కడే ఉంది.

పళ్ళాయన చేతులు రెండూ తుడుచుకున్న గుడ్డతోనే మళ్ళీ తుడుచుకున్నాడు.

పెద్దసారు సెట్టు కూడా కూర్చుంది. నోరు మూతపడింది. మూతపడటంతోటే మూడు వారాల నవ్వు మాయమై, తోడల్లుడికి బాగా తెలిసిన పాతమొహం బయటపడింది. తోడల్లుడు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు.

"ఇదెలా జరిగింది?" అన్నారు పెద్దసారు. త, ద, స అన్నీ ఉన్నచోట ఉన్నాయి. "మూడు వారాలు పాలలో రొట్టె నానబెట్టుకుని తాగాను. దీనికి బాధ్యులెవరు?"

ల్యాబు ఓనరు గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర తప్పు జరగదండి. డబ్బాలు తీసుకొచ్చే పార్శిలాయన దారిలో తారుమారు చేసుంటాడు. వయసు మీదపడింది, చూపానడం లేదు. సోమవారం నుంచి వద్దని చెప్పేస్తా."

గదిలో అందరికీ ఆ జవాబు నచ్చింది. డాక్టరు తల ఊపాడు. తోడల్లుడు కూడా పళ్ళాయనకేసి చూసి, ఊరుకో, అన్నట్టు కనుబొమ్మ దించాడు. పార్శిలాయన పన్నెండేళ్ళుగా పాత స్కూటరుమీద, పళ్ళడబ్బాలు కదలకుండా కాళ్ళమధ్య పెట్టుకుని తెస్తున్నాడు. ఆయన ఉద్యోగాన్ని చూసి కూడా పళ్ళాయన ఒకప్పుడు అసూయపడ్డాడు: గాలి తగులుతుందని.

"ఆయన కాదండి," అన్నాడు పళ్ళాయన. "నేను."

"నువ్వు ఊరుకోవయ్యా," అన్నాడు ఓనరు.

"ఇద్దరివీ నేనే చేశాను. రెండు డబ్బాల మూతలూ నేనే తీశాను. పెట్టేటప్పుడు ఇటుది అటు పెట్టాను."

పెద్దసారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "నువ్వు మొన్న ఇంటర్వ్యూకి వచ్చినవాడివి కదూ? మూతలు మారిపోయేంతగా ఎటు చూస్తున్నావు?"

"కిటికీలోంచి చూస్తున్నానండి. మీ ఆఫీసుకేసి. మా అన్నయ్య సీటుకేసి."

"అక్కడ చూడటానికేముంది? ఆ టైంలో ఈయనేం చేస్తున్నాడు?"

పళ్ళాయన తోడల్లుడి మొహం చూశాడు. చూసినా, మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు.

"ఏమీ చెయ్యడం లేదండి. అందుకే అలా చూస్తూ ఉండిపోయాను."

తోడల్లుడు సీలింగుకేసి చూశాడు. పెద్దసారు తోడల్లుడికేసి చూశారు. ఇక ఆ చూపు సంగతి వాళ్ళ ఆఫీసులో తేలవలసినదే.

"సోమవారం నువ్వు రానక్కర్లేదు," అన్నారు పెద్దసారు పళ్ళాయనతో.

సోమవారంలో స, నువ్వులో ఏమీ లేదు, రానక్కర్లేదులో ద. రెండూ గంటకొట్టినట్టు మోగాయి. నలభై రోజుల్లో మూసుకుపోవలసిన తలుపు నలభై రోజుల ముందే మూసుకుందని పళ్ళాయనకి తెలుస్తూనే ఉంది. అయినా చెవి మాత్రం ఆ 'ద' దగ్గరే ఆగిపోయింది. కుడిపక్క ఇంకొక్క గీత అరగదీస్తే ఇంకా బాగుంటుందనిపించింది. అదే మాట పైకి అనేశాడు. పెద్దసారు ఒక క్షణం ఆలోచించి, నోరు తెరిచారు.

"ఆగండాగండి," అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడ అప్పటిదాకా అద్దంలోనే ఉంది. "నేను వినలేదు. మూతలేమిటి? మొదట్నుంచీ చెప్పు నాయనా. అందరికీ అర్థమయ్యేలా చెప్పు. ఆ మూలనున్నాయన కూడా వినాలి."

మూలనున్న ఓనరు నిటారుగా కూర్చున్నాడు. పళ్ళాయన అరగదీసే పనిముట్టు పక్కన పెట్టి, నీళ్ళు తాగే గ్లాసులు రెండు తెచ్చి బల్లమీద పెట్టాడు. డాక్టరు టీకప్పుల సాసర్లు రెండు తెచ్చి వాటిమీద బోర్లించాడు. అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"ఇది మీ డబ్బా అనుకోండమ్మా. ఇది సారుది. చీటీ డబ్బాకి ఉండదు, మూతకి ఉంటుంది. ఇప్పుడు రెండు మూతలూ తీస్తున్నాను," అంటూ పళ్ళాయన రెండు సాసర్లూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇలా తీసి, కిటికీకేసి తిరిగి..."

తిరగలేదు. మెల్లిగా, అందరూ చూసేలా, ఇటు సాసరు అటు పెట్టాడు, అటు సాసరు ఇటు పెట్టాడు.

"అంతేనండి," అన్నాడు. "జరిగింది ఇంతే."